వానాకాలం గడ్డి గ్రౌండ్‌లో పరుగు: ఎలాంటి షూ తీసుకోవాలి?

పదహారొందలు · ఆదిలాబాద్

అన్నలకు, అక్కలకు నమస్తే. పోలీస్ కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి (పరుగు లాంటి ఫిజికల్ టెస్టులకి) ప్రిపేర్ అవుతున్నా. తెలంగాణ 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్ళకి 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తి చేయాలని ఉంది. అదే టార్గెట్‌గా పెట్టుకున్నా. ప్రాక్టీస్ అంతా మా దగ్గర కాలేజీ గ్రౌండ్‌లోనే. ఎండాకాలం ఏ ఇబ్బందీ లేదు. వానలు మొదలయ్యాక గడ్డి చీలమండ దాకా పెరిగింది, దాని కింద అంతా బురద. నా దగ్గర ఉన్నవి మామూలు రోడ్డు రన్నింగ్ షూస్, అడుగు దాదాపు నున్నగా ఉంటుంది. మలుపు దగ్గర పక్కకి జారుతోంది. తిన్నగా పరిగెత్తినా కాలితో నేలను తోసినప్పుడల్లా పాదం వెనక్కి పోతోంది. టైమింగ్ పడిపోయి టెన్షన్ పట్టుకుంది.

ఫ్రెండ్స్‌లో ఒకడు ఫుట్‌బాల్ స్టడ్స్ కొనమంటాడు, ఒకడు స్పైక్స్ (అడుగున మేకులుండే షూస్) అంటాడు, ఇంకొకడు ఉత్తికాళ్ళతో పరిగెత్తమంటాడు. బడ్జెట్ నాలుగు వేలు. ఏది కొనాలి?

అనంతగిరి_ట్రైల్స్ · హైదరాబాద్

తమ్ముడూ, షూ పేరు చెప్పేముందు నేల సంగతి తెలియాలి. నల్లమట్టా, ఎర్రమట్టా? గడ్డి ఒత్తుగా అల్లుకుని ఉందా, మధ్యమధ్యలో మట్టి బయటపడిందా? రేపు పొద్దున ఒక పని చెయ్. నువ్వు పరిగెత్తే దారిలో నడుస్తూ నాలుగైదు చోట్ల మడమతో గట్టిగా నొక్కి చూడు. ఎంత లోతు దిగుతోంది, కాలు తీశాక ఆ గుంట అలాగే ఉందా, నీళ్ళు ఊరుతున్నాయా, అడుగున మట్టి అంటుకుని వస్తోందా అన్నది చెప్పు.

పదహారొందలు · ఆదిలాబాద్

అన్నా, చూశాను. పక్కా నల్లమట్టి, చుట్టూ పత్తి చేలే. గడ్డి బాగున్న వైపు మడమ పెద్దగా దిగడం లేదు, నీళ్ళు కొంచెం చిమ్ముతున్నాయి అంతే. గోల్‌పోస్ట్ దగ్గర మలుపులో గడ్డి పోయింది. అక్కడ వేలి కణుపు లోతు దిగుతోంది, మట్టి ముద్దగా అంటుకుని వస్తోంది. ఇంకో విషయం. వాన పడుతున్నప్పుడు ఫర్వాలేదు గానీ, తెరిపిచ్చి ఒక రోజు ఎండ కాశాక మరీ ఘోరం. రెండు రౌండ్లకే షూ రాయిలా బరువెక్కుతోంది.

నేల_మనిషి · గుంటూరు

ఆ చివరి మాట చాలా ముఖ్యం. అలా ఎందుకవుతుందో తెలిస్తే సగం జవాబు దొరికినట్టే. నల్లరేగడిలో బంకమన్ను పాలు ఎక్కువ. అందులోని ఖనిజం నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. ఎండాకాలం నెర్రెలు విచ్చేది అందుకే. నీళ్ళు మరీ ఎక్కువైతే మట్టి పలచబడి జారుతుంది, జారినా దానంతట అదే కడుక్కుపోతుంది. పూర్తిగా ఆరితే గట్టిపడుతుంది. సమస్యంతా ఈ రెంటికీ మధ్య, సగం తడి సగం పొడిగా ఉన్నప్పుడే. అప్పుడు దానికి బంక గుణం ఎక్కువ, దేన్ని తాకితే దానికి అంటుకుంటుంది. మా రైతులు అలాంటి సమయంలో నల్లచేలో కాలు పెట్టరు, నాగలీ పెట్టరు.

కాబట్టి వాన వెలిసిన మర్నాడు ఆ మట్టి బయటపడ్డ మలుపులో ఏ కంపెనీ షూ వేసినా అంటుకుంటుంది. ఎర్ర చెలకలో, ఇసుక పాలు ఉన్న నేలలో ఈ గొడవ ఉండదు. నీళ్ళు త్వరగా ఇంకిపోతాయి, మట్టి షూకి పట్టినా దులిపితే రాలిపోతుంది. ట్రాక్టర్ వెనక టైరు చూడండి. గట్లు ఎత్తుగా ఉంటాయి, ఒకదానికొకటి బాగా దూరంగా ఉంటాయి. మధ్యలో పట్టిన మట్టి టైరు తిరిగేటప్పుడు ఊడి పడాలనే అలా చేస్తారు. షూ అడుగున కూడా అదే చూసుకోవాలి.

అనంతగిరి_ట్రైల్స్ · హైదరాబాద్

నేల_మనిషి గారు చెప్పిందే నేనూ చెప్పబోయాను. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో వానాకాలం పరిగెత్తేవాళ్ళం మేము. కొండదారుల్లో, మట్టిదారుల్లో పరిగెత్తడానికి చేసిన షూస్‌ని ట్రైల్ షూస్ అంటారు, వాటి అడుగున ఉండే రబ్బరు పళ్ళని లగ్స్ అంటారు. కొనేటప్పుడు అందరూ వాటి లోతు ఒక్కటే అడుగుతారు. లోతు ఎంత ముఖ్యమో, వాటి మధ్య ఖాళీ కూడా అంతే ముఖ్యం.

రోడ్డుకీ ట్రైల్‌కీ రెంటికీ పనికొస్తాయని అమ్మే షూస్‌కి పళ్ళు 3 మిల్లీమీటర్ల దాకా ఉంటాయి, దగ్గర దగ్గరగా ఉంటాయి. అవి మొరం దారికి, ఎండిన గడ్డికి బాగుంటాయి. బురదలో పళ్ళ మధ్య మట్టి నిండిపోయి అడుగు మళ్ళీ నున్నటి అట్ట అయిపోతుంది. తడి గడ్డికి 4 నుంచి 6 మిల్లీమీటర్లు, ఖాళీలు వెడల్పుగా ఉన్నవి కావాలి. సలోమాన్ స్పీడ్‌క్రాస్‌కి 5 మిల్లీమీటర్లు, సాకనీ పెరెగ్రిన్‌కి కూడా దాదాపు అంతే. ఇంగ్లండ్ కంపెనీ ఇనోవ్-8 వాళ్ళ మడ్‌క్లా అనే మోడల్‌కి 8 మిల్లీమీటర్లు, అది పూర్తిగా బురద కోసం చేసిందే. ఇవన్నీ నీ బడ్జెట్‌కి అందవు తమ్ముడూ, పోలికకి చెబుతున్నాను. నీ డబ్బుల్లో డెకాథ్లాన్ ట్రైల్ షూస్ చూడు. పేరు పట్టించుకోకుండా షూ తిరగేసి పళ్ళు చూడు. నీ చిటికెన వేలు పళ్ళ మధ్య ఖాళీలో తేలిగ్గా కూర్చుంటే ఆ ఖాళీ సరిపోతుంది.

సేల్స్‌మన్‌లు ‘ఈ రబ్బరు తడి రాయి మీద కూడా పట్టుకుంటుంది’ అంటారు. అది నిజమే, మాలాంటివాళ్ళకి కొండ మీద కావాలి కూడా. గడ్డి మీద, బురద మీద రబ్బరుకున్న ఆ జిగట గుణం పనిచేయదు. పన్ను లోపలికి దిగితేనే పట్టు. ఆ గుణం కోసం నువ్వు అదనంగా డబ్బు పెట్టకు.

లీడ్స్_తెలుగు · యూకే

ఇక్కడ చలికాలమంతా క్రాస్ కంట్రీ పోటీలే, అన్నీ గడ్డి మీద, చాలాసార్లు చీలమండ లోతు బురదలో. నా ఓటు స్పైక్స్‌కి. క్రాస్ కంట్రీ స్పైక్స్‌లో మేకులు మర తిప్పి మార్చుకోవచ్చు. ఇక్కడ ఎవరి బ్యాగ్ తెరిచినా 9, 12, 15 మిల్లీమీటర్ల పిన్‌ల డబ్బా, చిన్న కీ ఉంటాయి. రేస్‌కి ముందు కోర్సు అంతా ఒకసారి నడిచి చూసి, ఏ సైజు పిన్ పెట్టాలో అప్పుడు తేల్చుకుంటారు. వరల్డ్ అథ్లెటిక్స్ నిబంధనల ప్రకారం సింథటిక్ ట్రాక్ మీద, హైజంప్, జావెలిన్‌లను మినహాయిస్తే, పిన్ 9 మిల్లీమీటర్లు దాటకూడదు. గడ్డి, మట్టి మీద అయితే 25 దాకా ఒప్పుకుంటారు. మెత్తని నేలలో ఎంత పొడవు అవసరపడుతుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

స్పైక్స్ తేలిగ్గా ఉంటాయి, నీళ్ళు నిలవవు, మట్టి పట్టడానికి అడుగున పెద్ద చోటు కూడా ఉండదు. మన దగ్గర నివియా లాంటి కంపెనీల స్పైక్స్ నాలుగు వేల లోపే దొరుకుతాయి కదా?

పీఈటీ_మాస్టారు · కర్నూలు

దొరుకుతాయి. అయితే లీడ్స్ బాబూ, రేస్ వేరు, రోజువారీ ప్రాక్టీస్ వేరు. స్పైక్స్‌లో మడమ కింద మెత్తదనం దాదాపు ఉండదు. వారానికి ఒక రోజు వేగంగా పరిగెత్తడానికి బాగుంటాయి. ఈ అబ్బాయి రోజూ పొద్దునా సాయంత్రం పరిగెత్తేవాడు. పైగా కాలేజీ గ్రౌండ్ అంటే మధ్యలో కాంక్రీటు పిచ్ ఉంటుంది, రాళ్ళుంటాయి, గేటు దాకా సిమెంటు దారి ఉంటుంది. మేకు రాయి మీద పడితే కాలు మెలితిరుగుతుంది. మన గ్రౌండ్లలో పదిమందీ కలిసి పరిగెత్తుతారు. వెనకవాడి మేకు ముందువాడి పిక్కలో దిగిన సంగతులు నేను చూశాను.

ఫుట్‌బాల్ స్టడ్స్ గురించి అడిగావు కాబట్టి చెబుతున్నా. మా స్కూళ్ళలో పిల్లలు వాటితోనే పరిగెత్తుతారు, పట్టు బాగానే ఉంటుంది. అడుగున గట్టి ప్లాస్టిక్ ప్లేటు ఉంటుంది, అది రన్నింగ్ షూలా వంగదు. స్టడ్స్ తక్కువ, మనిషి బరువంతా ఆ కాసిని ముక్కల మీద పడుతుంది. నేల గట్టిపడ్డ చోట స్టడ్ ఉన్న ప్రతి చోటా అరికాలికి ఒత్తుకుంటుంది. ఆటలో ఆగుతూ పరిగెత్తుతూ ఉంటారు కాబట్టి సరిపోతుంది. ఆపకుండా నాలుగు రౌండ్లు కొట్టేవాడికి అది షూ కాదు.

డబ్బు మరీ ఇబ్బందైతే ఒక దారి ఉంది. అడుగునిండా పొట్టి రబ్బరు బుడిపెలు ఉండే హాకీ షూస్, ఫుట్‌బాల్ టర్ఫ్ షూస్ దొరుకుతాయి. స్టడ్స్ కంటే బాగా వంగుతాయి, గడ్డి బాగున్న చోట పట్టు చాలు. నల్లబురదలో మాత్రం ఆ బుడిపెల మధ్య మట్టి నిండిపోతుంది.

ఇంకో మాట. రోజూ ఒకే గీత మీద అందరూ పరిగెత్తడం వల్లే గోల్‌పోస్ట్ దగ్గర గడ్డి పోయింది. లోపలి లైన్ వదిలేసి రెండు మూడు మీటర్లు బయటికి జరగండి. వారం వారం మార్చండి. గరిక వేరు బతికి ఉంటే వానాకాలంలో అది తొందరగానే మళ్ళీ అల్లుకుంటుంది. బురదలో షూ ఇచ్చే పట్టు కంటే గడ్డి వేళ్ళు ఇచ్చే పట్టు ఎక్కువ.

మట్టికాళ్ళు · ఖమ్మం

మా ఊళ్ళో అందరం ఉత్తికాళ్ళతోనే పరిగెత్తాం. వేళ్ళు మట్టిని పట్టుకుంటాయి, ఏ షూకీ ఆ పట్టు రాదు. 1985, 86లో వరల్డ్ క్రాస్ కంట్రీ గెలిచిన జోలా బడ్‌కి ఉత్తికాళ్ళ పరుగుతోనే పేరు వచ్చింది. ఖర్చు కూడా లేదు.

ఫిజియో_వైజాగ్ · విశాఖపట్నం

మట్టికాళ్ళు గారూ, చిన్నప్పటి నుంచి అలవాటున్న పాదం వేరు. జోలా బడ్ దక్షిణాఫ్రికాలో చిన్నతనం నుంచే ఉత్తికాళ్ళతో పరిగెత్తిన మనిషి. షూస్‌కి అలవాటు పడ్డవాళ్ళు ఒక్కసారిగా మానేస్తే పిక్క మీద, మడమ పైన ఉండే అకిలీస్ టెండన్ మీద బరువు పెరిగిపోతుంది. ఈవెంట్స్ ముందున్నప్పుడు ఆ ప్రయోగం వద్దు.

పాదం కంటే నాకు ఆ బురదంటేనే ఎక్కువ భయం. గడ్డిలో పల్లేరు కాయలు, గాజు పెంకులు కనబడవు. వాననీటిలో ఎలుకల మూత్రం కలిస్తే లెప్టోస్పైరోసిస్ అనే ఇన్ఫెక్షన్ రావచ్చు, పాదం మీద చిన్న గాయం ఉన్నా చాలు. ఉత్తికాళ్ళతో తడి మట్టిలో తిరిగేవాళ్ళకి కొంకి పురుగులు (హుక్‌వర్మ్) కూడా పాదం చర్మంలోంచే ఒంట్లోకి పోతాయి. ఎవరైనా సరే, వానాకాలం గ్రౌండ్‌కి వెళ్ళేముందు కాలి మీద పుండు, పగులు ఉంటే ప్లాస్టర్ వేసుకోండి. టెటనస్ ఇంజెక్షన్ వేయించుకుని చాలా ఏళ్ళయితే డాక్టర్‌ని అడగండి. పరుగు అయ్యాక కాళ్ళు సబ్బుతో కడుక్కుని వేళ్ళ మధ్య తడి తుడవండి.

ఇక షూ విషయంలో నాదొక మాట. ఇప్పుడు మందపాటి ఫోమ్ షూస్ ఫ్యాషన్. నేల గట్టిగా ఉంటే వాటి సుఖం వేరు. మెత్తని నేలలో పాదం ఒక పక్కకి దిగబడినప్పుడు, సోల్ ఎంత ఎత్తుంటే చీలమండ అంత ఎక్కువగా ఒరుగుతుంది. అసలు నేలే మెత్తగా ఉన్నప్పుడు అంత ఫోమ్ అవసరం లేదు. నేలకి దగ్గరగా, మడమ దగ్గర గట్టిగా పట్టి ఉండే షూ చూసుకో తమ్ముడూ.

పొద్దునపరుగు · నిజామాబాద్

తమ్ముడూ, అందరూ అడుగు గురించే చెప్పారు, పైభాగం గురించి ఎవరూ అనలేదు. వాటర్‌ప్రూఫ్ రకం మాత్రం తీసుకోకు. గడ్డి చీలమండ దాకా ఉందన్నావు, నీళ్ళు పైనుంచే లోపలికి పోతాయి. పోయిన నీళ్ళు బయటికి రావు, షూ నీళ్ళతో బరువెక్కుతుంది. పల్చటి మెష్ ఉన్నదైతే నాలుగడుగుల్లో నీళ్ళు పిండినట్టు బయటికి పోతాయి. ముందు వేళ్ళ దగ్గర రబ్బరు అంచు ఉంటే మంచిది, గడ్డి కోసి మెష్ చిరగదు.

కాటన్ సాక్సులు వద్దు. తడిసి ముడతపడి బొబ్బలు వస్తాయి. నైలాన్ కలిసిన పల్చటి స్పోర్ట్స్ సాక్సులు రెండు జతలు ఉంచుకో.

ఆడపిల్లలకి ఒక మాట. మన ఊళ్ళలో షాపుల్లో ట్రైల్ షూస్ మగవాళ్ళ సైజులే ఎక్కువ. అవి మనకి పొడవు సరిపోయినా మడమ దగ్గర వదులుగా ఉంటాయి. బురద పాదాన్ని పట్టి లాగినప్పుడు మడమ ఊడి వస్తుంది, అక్కడే బొబ్బ. ముందు లేసు బిగించడం నేర్చుకోండి. షూకి అన్నిటికంటే పైన, కొంచెం వెనగ్గా ఒక రంధ్రం అదనంగా ఉంటుంది, చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు. లేసుని బయటి నుంచి ఆ రంధ్రంలోకి దూర్చి అదే పక్కన చిన్న ఉచ్చులా వదలండి. రెండో పక్కా అలాగే. ఇప్పుడు కుడి లేసు ఎడమ ఉచ్చులోంచి, ఎడమ లేసు కుడి ఉచ్చులోంచి తీసి, కిందికి లాగి ముడి వేయండి. మడమ కదలదు. ముడి చివరలు లేసుల కిందికి దోపేయండి, లేకపోతే గడ్డి పట్టి లాగుతుంది.

పదహారొందలు · ఆదిలాబాద్

అందరికీ చాలా థాంక్స్. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఈ ఆదివారం హైదరాబాద్ వెళ్తున్నా, షాపులో వేసుకుని చూసే కొంటా. రెండు డౌట్లు. సైజు ఒకటి పెద్దది తీసుకోవాలా? పాత రోడ్డు షూస్ పారేయాలా?

అనంతగిరి_ట్రైల్స్ · హైదరాబాద్

పారేయకు. వేగం పెంచే ప్రాక్టీస్ తెల్లారి గట్టి రోడ్డు మీదో మొరం ట్రాక్ మీదో వాటితోనే చెయ్. తడి గడ్డి మీద వచ్చిన టైమింగ్ చూసి గుండె జారిపోకు, అక్కడ అందరి టైమింగూ పడిపోతుంది. గ్రౌండ్‌లో ట్రైల్ షూతో నిదానంగా, ఎక్కువసేపు పరుగు పెట్టుకో. కొత్త ట్రైల్ షూతో రోడ్డు మీద రోజూ పరిగెత్తితే పళ్ళు తొందరగా అరిగిపోతాయి, గ్రౌండ్ దాకా మామూలు షూస్‌లో వెళ్ళి అక్కడ మార్చుకో.

సైజు సాయంత్రం పూట చూడు, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. పరుగుకి వేసుకునే సాక్సులే వేసుకెళ్ళు. బొటనవేలు ముందు ఒక బొటనవేలి వెడల్పు ఖాళీ చాలు. రోడ్డు షూ కంటే కొంచెం బిగుతుగానే ఉండాలి, ముఖ్యంగా మడమ, మధ్యపాదం దగ్గర. షాపులో మునివేళ్ళ మీద లేచి చూడు, మడమ షూలోంచి లేస్తే ఆ జత వద్దు.

పదహారొందలు · ఆదిలాబాద్

అన్నా, తీసుకున్నా. పళ్ళు 5 మిల్లీమీటర్లు అని రాసి ఉంది, బిల్లు బడ్జెట్‌లోనే అయింది. గడ్డి ఉన్న వైపు అసలు జారడం లేదు, మలుపులో కూడా భయం లేకుండా తిరుగుతున్నా. లైన్ కూడా బయటికి జరిపాం, గ్రౌండ్‌కి వచ్చేవాళ్ళందరితో మాట్లాడి. గోల్‌పోస్ట్ దగ్గరికి అసలు పోవడం లేదు. ఆగి షూ తిరగేసి చూస్తే మధ్య భాగం శుభ్రంగా ఉంది, మడమ దగ్గర మాత్రం కొంచెం పట్టి ఉంది.

ఒక ఇబ్బంది. మూడు రోజులుగా పిక్కలు పట్టేస్తున్నాయి. షూ తేడానా?

ఫిజియో_వైజాగ్ · విశాఖపట్నం

షూ, నేల రెండూ కారణం కావచ్చు. మెత్తని నేలలో మడమ లోపలికి దిగుతుంది కాబట్టి ప్రతి అడుగుకీ పిక్క ఎక్కువ సాగుతుంది, ఎక్కువ పని చేస్తుంది. ఇంతకుముందు కాలు జారుతోందని నువ్వు భయంగా, మెల్లగా తోసేవాడివి. ఇప్పుడు పట్టు దొరికింది కాబట్టి గట్టిగా తోస్తున్నావు. పాత షూకీ కొత్త షూకీ మడమ ఎత్తులో తేడా ఉన్నా ఇలాగే అవుతుంది, బాక్సు మీద డ్రాప్ (మడమ కింద ఎత్తుకీ మునివేళ్ళ కింద ఎత్తుకీ తేడా) అని ఎంత రాసి ఉందో చూడు.

రెండు వారాలు గడ్డి మీద రోజు మార్చి రోజు మాత్రమే పరిగెత్తు. అడుగులు చిన్నవిగా, త్వరత్వరగా వెయ్. మెట్టు అంచు మీద మునివేళ్ళతో నిలబడి మడమలు మెల్లగా కిందికి దించి పైకి లేపే వ్యాయామం రోజూ చెయ్. రెండు కాళ్ళకీ సమానంగా పట్టేసినట్టుంటే కంగారు లేదు. ఒక్క కాలికే, మడమ పైన ఒక్క చోటే, పొద్దున లేవగానే నొప్పి అనిపిస్తే పరుగు ఆపి చూపించుకో.

పీఈటీ_మాస్టారు · కర్నూలు

గడ్డి కాపాడుకున్నారంటే చాలా సంతోషంగా ఉంది బాబూ.

బెల్లంపల్లి_బిడ్డ · మంచిర్యాల

నేను 800 మీటర్లకి ప్రాక్టీస్ చేస్తున్నా. నాకూ ఇలాంటివే కావాలి. తడిసిన షూస్ మర్నాటికి ఆరడం లేదు, వాసన వస్తున్నాయి. ఒక్క జతే కొనగలను. ఎండలో పెట్టొచ్చా?

పొద్దునపరుగు · నిజామాబాద్

నేరుగా ఎండలో గంటలకొద్దీ పెట్టకమ్మా, పొయ్యి దగ్గరా వద్దు. సోల్ అంటించిన జిగురు వదిలేస్తుంది, రబ్బరు బిరుసెక్కుతుంది. గ్రౌండ్ నుంచి రాగానే, మట్టి ఆరకముందే కుళాయి కింద పెట్టి పాత టూత్‌బ్రష్‌తో పళ్ళ సందులు రుద్దు. నల్లమట్టి ఆరిందంటే గీకినా రాదు. లోపలి అట్ట బయటికి తీసి విడిగా ఆరబెట్టు. లేసులు వదులు చేసి నాలుక పైకి లాగి, లోపల పాత న్యూస్‌పేపర్లు ఉండలు చేసి కుక్కు. గంట తర్వాత ఆ కాగితాలు తడిసిపోతాయి, తీసి కొత్తవి పెట్టు. పడుకునేముందు ఇంకోసారి మార్చి, ఫ్యాన్ గాలి తగిలేలా గోడకి ఏటవాలుగా ఆనించు. పొద్దునకి వేసుకోవడానికి పనికొస్తాయి. వాసన పోవాలంటే లోపలి అట్టని వారానికోసారి సబ్బు నీళ్ళతో ఉతుకు. వాషింగ్ మెషీన్‌లో మాత్రం వేయకు.

లీడ్స్_తెలుగు · యూకే

స్పైక్స్ వాడేవాళ్ళు ఎవరైనా ఉంటే, పరుగు అవగానే పిన్‌లు విప్పి తుడిచి, మరల్లో కొంచెం గ్రీజు రాసి పెట్టండి. బురదలో వదిలేస్తే తుప్పు పట్టి బిగుసుకుపోతాయి, తర్వాత ఏ కీకీ రావు.